ఒకే సంఖ్యలో ఎనిమిది స్విచ్‌లు: స్టేటస్ కాలమ్‌ను ఫార్ములాతో విప్పడం ఎలా?

ప్రశ్న: మా కొలత పరికరం నిమిషానికోసారి ఒక వరుస రాస్తుంది. సమయం, కొలిచిన విలువ, పక్కన ‘స్టేటస్’ అని ఒక సంఖ్య. నెల ఫైలులో 43,200 వరుసలు ఉంటాయి. స్టేటస్‌లో 16 ఉంటే ఆ విలువ కొలిచింది కాదు, అంచనా వేసి నింపింది అని మాన్యువల్‌లో ఉంది. అలాంటి వరుసలు తీసేద్దామని ఎక్సెల్‌లో స్టేటస్ 16కు సమానం అని ఫిల్టర్ పెడితే 318 మాత్రమే దొరికాయి. ఇంకా చాలా ఉండాలని పరికరం చూసుకునేవాళ్లు గట్టిగా చెబుతున్నారు. ‘బిట్‌వైజ్ ఆండ్ వాడు’ అని ఒకరంటే =(బి2&16)>0 అని రాశాను. ఖాళీ వరుసలతో సహా అన్నిటికీ ట్రూ వచ్చింది. గంటకొక స్టేటస్ కావాలని కూడి చూస్తే మాన్యువల్‌లో లేని సంఖ్యలు వస్తున్నాయి. పైథాన్ భాషలోని డేటా లైబ్రరీ పాండాస్‌లో అయితే టైప్‌ఎర్రర్ దగ్గరే ఆగిపోయాను. ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు: మీరు అడిగినవి నాలుగు ఇబ్బందుల్లా కనిపిస్తున్నా, వాటిలో రెండింటి వేరు ఒక్కటే. స్టేటస్‌ను మీరు పరిమాణంగా చూస్తున్నారు. అది పరిమాణం కాదు. పక్కపక్కన బిగించిన స్విచ్‌ల (వీటినే బిట్లు అంటారు) వరుసను చోటు కలిసొస్తుందని ఒక సంఖ్యగా రాసిపెట్టారు, అంతే. ఏ స్విచ్ వేసి ఉందో, ఏది ఆపి ఉందో అడగవచ్చు. ఆ సంఖ్య ఎంత పెద్దదో, సగటు ఎంతో అడిగితే వచ్చే జవాబుకు అర్థం ఉండదు.

మీరు పంపిన మాన్యువల్ పట్టికను ఒకసారి దగ్గర పెట్టుకుందాం. 1 అంటే వోల్టేజీ తగ్గింది. 2 అంటే ఉష్ణోగ్రత హద్దు దాటింది. 4 అంటే సెన్సర్ నుంచి జవాబు లేదు. 8 అంటే గడియారం సరిగా లేదు. 16 అంటే అంచనా విలువ. 32 అంటే కాలిబ్రేషన్ నడుస్తోంది. చివరి రెండు బిట్లు, అంటే 64, 128, కలిసి 0 నుంచి 3 వరకు నాణ్యత గ్రేడును చెబుతాయి. ఈ గ్రేడు సంగతి మిగతావాటికంటే వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మీ ఫైలులో తరచుగా కనిపించే 84ను తీసుకోండి. 84లో ఇమిడే పెద్ద స్విచ్ 64, అది తీసేస్తే 20. అందులో 16 తీస్తే 4. కాబట్టి 84 = 64 + 16 + 4. గ్రేడు 1, విలువ అంచనా, కారణం సెన్సర్ పలకకపోవడం. ఇది అచ్చంగా మీరు తీసేయాలనుకున్న వరుసే. కానీ 84 అనే సంఖ్య 16కు సమానం కాదు కాబట్టి మీ ఫిల్టర్‌కు చిక్కలేదు. మీకు దొరికిన 318 వరుసల్లో గ్రేడు సున్నా, ఇంకే హెచ్చరికా లేదు, 16 ఒక్కటే ఒంటరిగా ఉంది. నిజానికి విలువను అంచనా వేయాల్సి వచ్చిందంటే దాని వెనక ఏదో ఒక లోపం ఉండి, దాని బిట్ కూడా వెలిగి ఉండడమే ఎక్కువ. పరికరం చూసుకునేవాళ్లు చెప్పింది నిజమే.

ఇక =(బి2&16)>0 సంగతి. ఎక్సెల్‌లో & గుర్తు బిట్ల పని చేయదు, రెండు ముక్కలను అతికిస్తుంది. బి2లో 84 ఉంటే బి2&16 అంటే ‘8416’ అనే టెక్స్ట్. ఎక్సెల్ పోలికల్లో టెక్స్ట్ ఎప్పుడూ సంఖ్య కంటే పెద్దదే, అందుకే సున్నా కంటే పెద్దదా అంటే ప్రతిసారీ ట్రూ. ఖాళీ సెల్ అయినా ‘16’ అనే టెక్స్ట్ మిగులుతుంది, అదీ ట్రూయే. తప్పు ఫార్ములా ఎర్రర్ చూపించి ఆగిపోతే మంచిదే. ఇలా నమ్మకంగా జవాబిస్తేనే ప్రమాదం. ^ గుర్తుతోనూ ఇదే చిక్కు: ఎక్సెల్‌లో అది ఘాతం, 2^3 అంటే 8. పైథాన్‌లో, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లలో అదే 2^3 అంటే ఎక్స్‌క్లూజివ్ ఆర్ (రెండింటి మధ్య తేడా ఉన్న బిట్లు మాత్రమే), జవాబు 1. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మళ్లీ ఘాతమే, అక్కడ ఎక్స్‌క్లూజివ్ ఆర్‌కు # గుర్తు వాడాలి. ఒక చోటి ఫార్ములాను ఇంకోచోటికి ఎత్తి అతికించేముందు ఈ రెండు గుర్తులనూ తప్పకుండా చూసుకోండి.

ఎక్సెల్‌లో రాయాల్సింది ఇది (ఫంక్షన్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, సెల్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి):

=బిట్‌ఆండ్(బి2, 16)>0

బిట్‌ఆండ్ రెండు సంఖ్యల్లోనూ వేసి ఉన్న స్విచ్‌లను మాత్రమే మిగులుస్తుంది. 16లో ఉన్నది ఒక్క స్విచ్చే. కాబట్టి జవాబు 16 గానీ 0 గానీ అవుతుంది, మధ్యలో ఇంకేదీ రాదు. 43,200 వరుసల మీద పెట్టేముందు చేతి లెక్కతో సరిచూడగలిగే అయిదు విలువలపై ప్రయత్నించండి. 16, 20, 84లకు ట్రూ రావాలి. 0, 68లకు ఫాల్స్ రావాలి. 68 అంటే 64 + 4, అందులో 16 లేదు.

బిట్‌ఆండ్, బిట్‌ఆర్, బిట్‌ఎక్సార్, బిట్‌ఎల్‌షిఫ్ట్, బిట్‌ఆర్‌షిఫ్ట్ అనే అయిదూ ఎక్సెల్ 2013 నుంచి ఉన్నాయి. గూగుల్ షీట్స్‌లో, లిబర్‌ఆఫీస్ క్యాల్క్‌లో కూడా ఇవే పేర్లు. అంతకంటే పాత ఎక్సెల్‌లో మీ ఫైలు తెరిచేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు పేరు తెలియదనే ఎర్రర్ వస్తుంది. వాళ్లకోసం మామూలు లెక్క ఉండనే ఉంది:

=మాడ్(ఇంట్(బి2/16), 2)

16తో భాగించి దశాంశాలు కొట్టేస్తే మనకు కావలసిన బిట్ ఒకట్ల స్థానంలోకి జారుతుంది. అది బేసి అయితే 1, సరి అయితే 0. ఇది ఏ వెర్షన్‌లోనైనా నడుస్తుంది. పైగా బిట్‌ఆండ్ జవాబును సరిచూసుకోవడానికి రెండో దారిగా కూడా పనికొస్తుంది.

బిట్ నంబరుకూ బిట్ విలువకూ తేడా మరవకండి. మీ మాన్యువల్ విలువలిచ్చింది కాబట్టి బతికిపోయారు. చాలా మాన్యువల్స్ ‘బిట్ 4: అంచనా’ అని రాస్తాయి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కనుక బిట్ 4 విలువ 2^4, అంటే 16. ఫార్ములాలో పొరపాటున 4 రాస్తే మీరు సెన్సర్ బిట్‌ను అడుగుతున్నట్టు, అంచనా బిట్‌ను కాదు. ఎర్రర్ రాదు, వచ్చే జవాబు కూడా నమ్మేలాగే ఉంటుంది. కొన్ని పత్రాలు బిట్లను 1 నుంచి లెక్కపెడతాయి, కొన్ని ఎడమ వైపునుంచి లెక్కపెడతాయి. ఏది వాడారో తేల్చడానికి నమ్మదగిన దారి ఒకటుంది. కాలిబ్రేషన్ ఫలానా సమయంలో జరిగిందని మీకు ఖాయంగా తెలిసిన వరుసను తీసి, ఆ నిమిషంలో ఏ బిట్ కొత్తగా వెలిగిందో చూడండి.

రెండు మూడు బిట్లను కలిపి అడగాలంటే వాటి విలువలు కలిపి ఒక మాస్క్ చేసుకోవాలి. 4, 16 కలిపితే 20. ఇక ప్రశ్నను బట్టి పోలిక మారుతుంది. రెండింట్లో ఏదో ఒకటి ఉన్నా చాలు అంటే బిట్‌ఆండ్(బి2, 20)>0. రెండూ ఉండాలంటే బిట్‌ఆండ్(బి2, 20)=20. రెండింట్లో ఏదీ ఉండకూడదంటే =0. ‘>0’ రాయాల్సిన చోట ‘=20’ రాస్తే సగం వరుసలు చడీచప్పుడు లేకుండా జారిపోతాయి. నేనైతే మాస్కులను ఫార్ములాలో నేరుగా రాయను. వేరే షీట్లో ప్రతి బిట్‌కూ పేరు, విలువ రాసిపెట్టుకుని ఫార్ములాలో ఆ సెల్‌నే చూపించమంటాను. ఆర్నెల్ల తర్వాత ఫార్ములాలో ఉత్త 20 కనిపిస్తే అదేమిటో రాసినవాళ్లకే గుర్తుండదు. అలా సెల్‌ల నుంచి మాస్క్ కట్టేటప్పుడు + బదులు బిట్‌ఆర్ (రెండింట్లో ఎక్కడ వెలిగినా ఆ బిట్‌ను నిలిపే ఫంక్షన్) వాడండి. ఒకే బిట్ పొరపాటున రెండుసార్లు వచ్చినా బిట్‌ఆర్‌తో తేడా రాదు. ప్లస్‌తో అయితే 16 + 16 = 32 అయి కాలిబ్రేషన్ బిట్ అయిపోతుంది.

ఇప్పుడు గ్రేడు. 64, 128 విడివిడి హెచ్చరికలు కావు, రెండూ కలిసి ఒక చిన్న సంఖ్య. గ్రేడు 1 అయితే 64, గ్రేడు 2 అయితే 128, గ్రేడు 3 అయితే 192. ‘గ్రేడు 2 వరుసలు కావాలి’ అని బిట్‌ఆండ్(బి2, 128)>0 రాస్తే గ్రేడు 3 కూడా వచ్చి పడుతుంది, ఎందుకంటే 192లోనూ 128 ఉంది. ఇలాంటివాటిని ముందు కుడివైపుకు జరిపి, తర్వాత కత్తిరించాలి:

=బిట్‌ఆండ్(బిట్‌ఆర్‌షిఫ్ట్(బి2, 6), 3)

ఆరు స్థానాలు జరిపితే గ్రేడు అడుగుకు చేరుతుంది, 3తో ఆండ్ చేస్తే ఆ రెండు బిట్లే మిగులుతాయి. స్టేటస్ 212 అయితే జవాబు 3, 84 అయితే 1. ఇక దాన్ని మామూలు సంఖ్యలాగే పోల్చుకోవచ్చు.

ఇది మీ పరికరానికి మాత్రమే ఉన్న తంటా కాదు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల కలెక్షన్ 2లో ప్రతి పిక్సెల్‌కూ ఒక నాణ్యత సంఖ్య ఉంటుంది. అందులో బిట్ 3 మేఘం, బిట్ 4 మేఘపు నీడ, బిట్ 6 నిర్మలం, బిట్ 7 నీరు. బిట్లు 8, 9 కలిసి మేఘం ఉందనే నమ్మకం ఎంతో చెబుతాయి: 1 అయితే తక్కువ, 2 అయితే మధ్యస్థం, 3 అయితే ఎక్కువ. నిర్మలమైన నేలకు ల్యాండ్‌శాట్ 8లో తరచూ కనిపించే విలువ 21824. దాన్ని విప్పితే 16384 + 4096 + 1024 + 256 + 64. అందులో 256 ఉంది చూశారా? మేఘం ఉందని కాదు, మేఘం ఉందనే నమ్మకం ‘తక్కువ’ అని దాని అర్థం. ఎవరైనా ఈ రెండు బిట్లకూ మాస్క్ 768 పెట్టి >0 అని అడిగితే, నిర్మలమైన పిక్సెల్ కూడా మేఘంగా మారిపోతుంది. 22280ని విప్పి చూడండి: 8 ఉంది, 64 లేదు, 512, 256 రెండూ ఉన్నాయి. అది ఖాయంగా మేఘం. ఎనిమిది స్థానాలు జరిపి 3తో ఆండ్ చేస్తే మొదటిదానికి 1, రెండోదానికి 3 వస్తాయి, అనుమానానికి చోటే ఉండదు.

గంటవారీ లెక్కకు వద్దాం. గంటంతా స్టేటస్ 20 అనుకుందాం, అంటే అంచనా, సెన్సర్ లోపం. అరవై వరుసలు కూడితే 1200. దాన్ని విప్పితే 1024 + 128 + 32 + 16. అందులో 4 లేదు కనుక సెన్సర్ బాగున్నట్టు. 32 ఉంది కనుక కాలిబ్రేషన్ జరిగినట్టు. జరిగింది మాయమై, జరగనిది ప్రత్యక్షమైంది. సగటు దీనికేం తీసిపోదు: 16, 4ల సగటు 10, అంటే 8 + 2. గడియారం లోపం, ఉష్ణోగ్రత హద్దు దాటడం, రెండూ అబద్ధమే. గరిష్ఠం తీసుకుంటే సరిపోతుందని కొందరంటారు, అదీ కాదు. ఒక నిమిషం 32, ఇంకో నిమిషం 20 ఉంటే గరిష్ఠం 32. 20లోని రెండు హెచ్చరికలూ పోయాయి.

ముందు మీరు గంట గురించి ఏం అడుగుతున్నారో తేల్చుకోవాలి. ‘గంటలో ఒక్కసారైనా వచ్చిందా’ అంటే అన్ని వరుసలకూ ఆర్. 32, 20ల ఆర్ 52, మూడు హెచ్చరికలూ నిలిచాయి. ‘గంట పొడుగునా ఉందా’ అంటే ఆండ్. ‘ఎన్ని నిమిషాలుంది’ అంటే ఒక్కో బిట్‌కూ విడిగా లెక్క. నా సలహా మూడోది. మిగతా రెండింటి జవాబూ అందులోనే ఉంది: లెక్క సున్నా కాకపోతే ఒక్కసారైనా వచ్చినట్టు, 60 అయితే గంటంతా ఉన్నట్టు. ఎక్సెల్‌లో ఒక గంటకు ఇలా:

=సమ్‌ప్రొడక్ట్(మాడ్(ఇంట్(బి2:బి61/16), 2))

ఇది 16 వెలిగిన నిమిషాల సంఖ్య ఇస్తుంది. నిజంగానే ఆర్ కావాలంటే, బిట్‌ఆర్ రెండేసి సంఖ్యలే తీసుకుంటుంది కనుక మైక్రోసాఫ్ట్ 365లో =రెడ్యూస్(0, బి2:బి61, ల్యాంబ్డా(అ, క, బిట్‌ఆర్(అ, క))) రాసుకోవచ్చు. అ, క బదులు మీకు నచ్చిన పేర్లు పెట్టుకోండి. ఒక్క హెచ్చరిక: గ్రేడు బిట్లను ఆర్‌లో కలపకండి. గ్రేడు 1 ఉన్న నిమిషం, గ్రేడు 2 ఉన్న నిమిషం ఆర్ అయితే గ్రేడు 3 పుట్టుకొస్తుంది. గంటలో ఎక్కడా లేని గ్రేడది. గ్రేడును ముందే విప్పి వేరే కాలమ్‌లో పెట్టుకుని దానికి కనిష్ఠమో గరిష్ఠమో తీయండి.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది, ఈ డేటాకు అదే బాగా పనికొస్తుందని నా నమ్మకం. లోపం ఎన్ని నిమిషాలుందో తెలియడం ఒకటి, ఎన్నిసార్లు మొదలైందో తెలియడం ఇంకొకటి. ముప్పై నిమిషాల పాటు ఒకేసారి సెన్సర్ పడిపోవడానికీ, ముప్పై సార్లు ఒక్కో నిమిషం పడిపోవడానికీ కారణాలు వేరుగా ఉంటాయి. రెండోది వదులైన కనెక్షన్ కావచ్చు. ఇక్కడ ఎక్స్‌క్లూజివ్ ఆర్ పనికొస్తుంది, అది రెండు సంఖ్యల మధ్య మారిన బిట్లను మాత్రమే చూపిస్తుంది. పై వరుస 84, ఈ వరుస 72 అనుకోండి. బిట్‌ఎక్సార్ 28 ఇస్తుంది, అంటే 16, 8, 4 మూడూ మారాయి. 28ని ఈ వరుసతో ఆండ్ చేస్తే 8: గడియారం లోపం ఇప్పుడే మొదలైంది. 28ని పై వరుసతో ఆండ్ చేస్తే 20: అంచనా, సెన్సర్ లోపం ఇప్పుడే ముగిశాయి. ఫార్ములాగా:

=బిట్‌ఆండ్(బిట్‌ఆండ్(బి3, బిట్‌ఎక్సార్(బి3, బి2)), 63)

చివరి 63 ఎందుకంటే గ్రేడు బిట్లు ఇందులోకి రాకూడదు. గ్రేడు 1 నుంచి 2కు మారితే 64 ఆరిపోయి 128 వెలుగుతుంది, దాన్ని కొత్త లోపంగా లెక్కపెట్టుకుంటే తప్పు. ఈ కాలమ్‌లో 4 ఉన్న వరుసల సంఖ్యే సెన్సర్ పడిపోయిన సార్లు. వరుసలు సమయం ప్రకారం సరిగ్గా పేర్చి ఉంటేనే ఇది చెల్లుతుంది. మధ్యలో నిమిషాలు తప్పిపోయి ఉంటే ఆ ఖాళీకి ఇవతలా అవతలా ఉన్న వరుసలను పోల్చి లేని మార్పును చూపిస్తుంది, కాబట్టి సమయం తేడా సరిగ్గా ఒక నిమిషం ఉన్న చోటే లెక్కలోకి తీసుకోండి.

ఎక్సెల్ హద్దులు కొన్ని చెప్పి ముందుకెళ్తాను. బిట్ ఫంక్షన్లు 0 నుంచి 281474976710655 వరకే ఒప్పుకుంటాయి, అంటే 48 బిట్లు. రుణ సంఖ్య ఇచ్చినా, 20.5 లాంటి దశాంశం ఇచ్చినా సంఖ్య ఎర్రర్ వస్తుంది. కొన్ని రికార్డర్లు 16 బిట్ల స్టేటస్‌ను రుణ సంఖ్యగా రాస్తాయి, చివరి బిట్ వెలగగానే 32788 కాస్తా −32748గా కనిపిస్తుంది. =మాడ్(బి2, 65536) అంటే మళ్లీ 32788 వస్తుంది, దాన్ని వాడుకోండి. 64 బిట్ల స్టేటస్ అయితే ఎక్సెల్‌లో తెరవనే వద్దు. అది 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుని మిగతావి సున్నాలు చేస్తుంది, సేవ్ చేశారంటే కింది బిట్లు తిరిగి రావు. బిట్లను కళ్లతో చూడటానికి డెక్‌2బిన్ వాడితే 511 దాటగానే ఆగిపోతుంది. దాని బదులు =బేస్(బి2, 2, 8) రాయండి, 84కు 01010100 అని ఎనిమిది స్థానాలూ చూపిస్తుంది. ‘నాట్’ పని చేసే బిట్ ఫంక్షన్ ఎక్సెల్‌లో లేదు. ఒక బిట్‌ను ఆర్పాలంటే =బి2-బిట్‌ఆండ్(బి2, 16) చాలు.

పాండాస్‌లో టైప్‌ఎర్రర్‌కు కారణం మీ ఖాళీ వరుసలే. పూర్ణాంకాల కాలమ్‌లో ఒక్క విలువ లేకపోయినా పాండాస్ ఫైలు చదివేటప్పుడు ఆ కాలమ్ మొత్తాన్ని దశాంశ సంఖ్యలుగా మార్చేస్తుంది. 84 కాస్తా 84.0 అవుతుంది. దశాంశ సంఖ్యల మీద & నడవదు. వెతికితే వెంటనే దొరికే చిట్కా ఖాళీల్లో సున్నా నింపే ఫిల్‌నా(0). దయచేసి అది చేయకండి. స్టేటస్‌లో సున్నా అంటే ‘సమాచారం లేదు’ అని కాదు, ‘ఏ లోపమూ లేదు’ అని. పరికరం ఆగిపోయి ఏమీ రాయని నిమిషాలన్నీ మీ నివేదికలో భేషుగ్గా పనిచేసిన నిమిషాలుగా మారతాయి. ఎక్సెల్‌లో ఖాళీ సెల్‌కు కూడా ఇదే గతి: బిట్‌ఆండ్ దాన్ని సున్నాగా చదువుతుంది, ఫాల్స్ ఇస్తుంది. అక్కడ =ఇఫ్(ఈజ్‌నంబర్(బి2), బిట్‌ఆండ్(బి2, 16)>0, "లేదు") అని రాసుకుంటే ఖాళీలు విడిగా నిలుస్తాయి, టెక్స్ట్‌గా వచ్చిపడిన అంకెలూ బయటపడతాయి. పాండాస్‌లో కాలమ్‌ను ఆస్‌టైప్‌తో ఇంట్64 రకానికి మార్చండి. ఇందులో మొదటి అక్షరం పెద్దది, అంటే ఖాళీని ఖాళీగానే ఉంచగల రకం. చిన్న అక్షరంతో రాస్తే ఖాళీల దగ్గర మళ్లీ ఎర్రరే. తర్వాత (స్టేటస్ & 16) > 0 నడుస్తుంది, ఖాళీ వరుసలకు జవాబు కూడా ఖాళీయే వస్తుంది. అవి ఎన్నో విడిగా లెక్కపెట్టి నివేదికలో రాయండి.

పాండాస్‌లో & రెండు పనులు చేస్తుంది: సంఖ్యల మధ్య బిట్ల ఆండ్, షరతుల మధ్య ‘మరియు’. రెండూ ఒకే వాక్యంలో వచ్చినప్పుడు బ్రాకెట్లే దిక్కు. విలువ > 40 & స్టేటస్ > 0 అని రాస్తే పైథాన్ ముందు 40 & స్టేటస్ లెక్కపెడుతుంది, ఎందుకంటే అక్కడ & పోలికలకంటే ముందు పట్టుకుంటుంది. సీ, జావాస్క్రిప్ట్ భాషల్లో తిరగబడి ఉంటుంది. అక్కడ స్టేటస్ & 16 > 0 అంటే స్టేటస్ & (16 > 0), అంటే స్టేటస్ & 1. మీరు అంచనా బిట్‌ను అడిగాననుకుంటారు, జవాబు వోల్టేజీ బిట్‌ది వస్తుంది. ఆర్ అనే గణాంకాల భాషలో & అసలు బిట్లను చూడనే చూడదు. రెండు వైపులా సున్నా కానివి ఉంటే చాలు ట్రూ అంటుంది, 20 & 3 కూడా ట్రూయే. అక్కడ బిట్‌వ్‌ఆండ్ అనే ఫంక్షన్ వాడాలి. పాండాస్‌లో ఇంకొకటి: ~ గుర్తుతో షరతును తిరగేసేటప్పుడు ఆ కాలమ్ నిజంగా బూలియన్ (ట్రూ, ఫాల్స్ మాత్రమే ఉండే) రకమేనా చూడండి. ఆబ్జెక్ట్ రకంలో ట్రూ ఉంటే దాని ~ విలువ −2, ఫాల్స్‌కు −1. రెండూ సున్నా కావు, అంటే రెండూ నిజంగానే చెల్లుబాటవుతాయి.

డేటాబేస్‌లో చేసే ఉద్దేశం ఉంటే, షరతును ఎప్పుడూ (స్టేటస్ & 16) <> 0 అని పూర్తిగా రాయండి. మైఎస్‌క్యూఎల్ ఉత్త స్టేటస్ & 16ను కూడా ఒప్పుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు. స్టేటస్ నల్ (ఖాళీ) అయితే ఆండ్ జవాబు కూడా నల్. ఆ వరుస ‘= 0’ అన్నా రాదు, ‘<> 0’ అన్నా రాదు. గంటవారీ ఆర్‌కు మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, బిగ్‌క్వెరీల్లో బిట్_ఆర్ ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అది లేదు కనుక ఒక్కో బిట్‌కూ మ్యాక్స్(స్టేటస్ & 16) తీయాలి, ఇక్కడ చెప్పిన మిగతా డేటాబేస్‌లలోనూ అది పనిచేస్తుంది. మైఎస్‌క్యూఎల్ బిట్_ఆండ్‌తో జాగ్రత్త: లెక్కలోకి ఒక్క విలువ కూడా రాని గంటకు అది 18446744073709551615 ఇస్తుంది, అంటే 64 బిట్లూ వెలిగినట్టు. పరికరం ఆగిన గంటలో అన్ని లోపాలూ గంటంతా ఉన్నట్టు కనిపిస్తుంది. వరుసల సంఖ్య కూడా పక్కనే తీసుకుంటే ఇది ఇట్టే దొరికిపోతుంది. ఇక కోట్ల వరుసల పట్టికలో బిట్ షరతు మామూలు ఇండెక్స్‌ను వాడుకోలేదు. తరచూ అడిగే బిట్‌ను విడిగా ఒక కాలమ్‌గా పెట్టుకోవడమే మేలు.

మీ నెల ఫైలుకు ఇప్పుడు ఇలా చేయండి. అసలు స్టేటస్ కాలమ్‌ను ముట్టుకోకుండా, దాని పక్కన ఆరు బిట్లకు ఆరు కాలమ్‌లు, గ్రేడుకు ఒకటి, ‘స్టేటస్ ఉందా’ అని ఒకటి వేయండి. ఫిల్టర్లు, మొత్తాలు, పివట్ పట్టికలు అన్నీ ఈ కొత్త కాలమ్‌ల మీదే నడపండి. తర్వాత ఒక్కో వరుసలో 1, 2, 4, 8, 16, 32లను వాటి కాలమ్‌ల 1, 0లతో గుణించి, గ్రేడును 64తో గుణించి అన్నీ కూడండి. స్టేటస్ ఉన్న ప్రతి వరుసలోనూ ఆ మొత్తం అసలు స్టేటస్‌కు సమానం కావాలి. 84 ఉన్న వరుసలో 4 + 16 + 1×64. ఎక్కడైనా తేడా వస్తే, ఆ తేడా 256 గానీ అంతకు పైన గానీ అయితే మాన్యువల్‌లో చెప్పని బిట్ ఏదో పరికరం వాడుతోందన్నమాట. ఆ వరుసల సమయాలు రాసుకుని పరికరం చూసుకునేవాళ్లకు ఇవ్వండి. తేడా అంతకంటే చిన్నదైతే ఏదో ఒక కాలమ్‌లో మాస్క్ తప్పు పడింది, ఆ తేడా విలువే అది ఏ బిట్టో చెబుతుంది.